దోమ కడుపులో దొరికిన జవాబు
(సర్ రోనాల్డ్ రాస్ జీవిత విశేషాలు)

బిట్ పేపర్లో ఒక ఖాళీ ఉంటుంది. మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన శాస్త్రవేత్త ఎవరు అని. మనం సర్ రోనాల్డ్ రాస్ అని నింపేసి, అర మార్కు వచ్చినట్టే అనుకుని తర్వాతి ఖాళీకి వెళ్లిపోతాం. ఆ అర మార్కు వెనుక ఒక మనిషి జీవితం ఉంది. అందులో ముఖ్యమైన ఘట్టం ఎక్కడో విదేశాల్లో కాదు, మన తెలుగువాళ్లు తిరిగే సికింద్రాబాద్ నేల మీద జరిగింది. ఈ వార్షికోత్సవ సంచిక చదివే మిత్రులకు, తమ్ముళ్లకు ఆ జీవితాన్ని పరిచయం చేయాలన్నదే మా ఈ చిన్న ప్రయత్నం.

గాలి సోకిందా? పురుగు పట్టిందా?

మా ఇంట్లో డిగ్రీ పట్టా మా తరంతోనే వచ్చింది. అంతకుముందు పెద్దవాళ్లకు చదువు లేదు. జ్వరం వస్తే గాలి సోకిందనేవారు. దిష్టి తగిలిందనేవారు. అమ్మవారికి కోపం వచ్చిందనేవారు. వేపమండలు, తాయెత్తు, మిరపకాయల దిష్టి అయ్యాక గానీ ఆసుపత్రి గుర్తొచ్చేది కాదు. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇదే పరిస్థితి అయి ఉంటుంది. ఇందులో మన పెద్దల్ని తక్కువ చేయడానికి ఏమీ లేదు. ఎందుకంటే నూట యాభై ఏళ్ల క్రితం యూరప్‌లోని పెద్ద పెద్ద డాక్టర్లు కూడా గాలి అనే అన్నారు. మలేరియా అనే మాటకు ఇటాలియన్ భాషలో చెడ్డ గాలి అనే అర్థం. బురద నేలల నుంచి, కుళ్లిన నీళ్ల నుంచి లేచే విషపు గాలి పీల్చితే చలిజ్వరం వస్తుందని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకాన్ని కదిలించినవారు ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్, జర్మనీలో రాబర్ట్ కోచ్. కంటికి కనిపించని సూక్ష్మజీవులు రోగాలు తెస్తాయని వారు చూపించారు. 1882లో కోచ్ క్షయ వ్యాధి క్రిమిని కనుగొన్నారు. ఆ మరుసటి ఏడాది కలరా క్రిమిని వెతుక్కుంటూ ఈజిప్టు మీదుగా మన కలకత్తా దాకా వచ్చారు. ఫలానా క్రిమే ఫలానా రోగానికి కారణం అనడానికి ఆయన చెప్పిన పద్ధతి చాలా కచ్చితమైనది. ఆ రోగం ఉన్న ప్రతి ఒక్కరిలో ఆ క్రిమి కనిపించాలి. దాన్ని విడిగా తీసి పెంచాలి. పెంచిన క్రిమిని ఆరోగ్యంగా ఉన్న జంతువుకు ఎక్కిస్తే అదే రోగం రావాలి. ఆ జంతువు నుంచి మళ్లీ అదే క్రిమి దొరకాలి. ఇవన్నీ చూపిస్తేనే కారణం దొరికినట్టు. లేకపోతే అది అనుమానమే.

మలేరియా మాత్రం ఈ పద్ధతికి లొంగలేదు. 1880లో అల్జీరియాలోని కాన్‌స్టంటైన్ పట్టణంలో ఛార్లెస్ లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు రోగుల రక్తంలో ఒక పరాన్నజీవిని చూశారు. కానీ దాన్ని విడిగా తీసి పెంచడం ఆ రోజుల్లో ఎవరి తరమూ కాలేదు. అందులో ప్రమాదకరమైన రకాన్ని ప్రయోగశాలలో నిలకడగా పెంచడం 1976లో గానీ సాధ్యపడలేదు. పైగా అది ఒక మనిషి రక్తంలో నుంచి ఇంకో మనిషి రక్తంలోకి ఎలా వెళ్తోందో అంతు చిక్కలేదు. ఆ చిక్కుముడి విప్పినవారే రాస్.

బాల్యం - విద్యాభ్యాసం

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల దగ్గరి అల్మోరాలో జన్మించారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. పదిమంది పిల్లల్లో ఈయన పెద్దవాడు. ఎనిమిదేళ్ల వయసులో తల్లిదండ్రులను వదిలి ఇంగ్లాండులోని బంధువుల ఇంటికి చదువుకోసం వెళ్లారు. చిన్న వయసులోనే ఇల్లు విడిచి హాస్టల్‌కు వచ్చిన మనకు ఆ బెంగ ఎలాంటిదో ఒకరు చెప్పనక్కర్లేదు.

రాస్‌కు డాక్టరు కావాలని లేదు. కవిత్వం, సంగీతం, బొమ్మలు గీయడం, లెక్కలు, ఇవీ ఆయనకిష్టం. తండ్రి బలవంతం మీద 1874లో లండన్‌లోని సెయింట్ బర్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్య విద్యలో చేరారు. మనసు పెట్టి చదవలేదు. 1879లో ఒక పరీక్ష గట్టెక్కారు, మరో పరీక్ష తప్పారు. కొంతకాలం ఓడల్లో డాక్టరుగా పనిచేసి, 1881లో ఆ తప్పిన పరీక్ష పాసయ్యి, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చారు. పరీక్ష తప్పినవాడి కథ అక్కడితో అయిపోదని చెప్పడానికి నోబెల్ గ్రహీతల్లోనే ఒక ఉదాహరణ ఉండడం మన తమ్ముళ్లకు ధైర్యం ఇచ్చే విషయం.

1883లో బెంగళూరులో ఉన్నప్పుడు ఆయన బంగళాలో దోమలు విపరీతంగా ఉండేవి. కిటికీ బయట ఉన్న నీళ్ల తొట్టిలో పురుగులు లుకలుకలాడడం చూసి, ఆ తొట్టి బోర్లించారు. దోమలు తగ్గాయి. అధికారుల మెస్ దగ్గరి తొట్లు కూడా ఖాళీ చేయిద్దామని పై అధికారికి చెబితే ఆయన కొట్టిపారేశాడు. ఆ చిన్న సంగతి రాస్ మనసులో ఉండిపోయింది.

సూక్ష్మదర్శిని పట్టాక

1888లో సెలవు మీద ఇంగ్లాండు వెళ్లిన రాస్ అక్కడ ప్రజారోగ్యంలో డిప్లొమా చేసి, సూక్ష్మజీవ శాస్త్రం నేర్చుకున్నారు. మరుసటి సంవత్సరం రోసా బ్లాక్సమ్‌ను వివాహం చేసుకున్నారు. తిరిగి వచ్చి మలేరియా రోగుల రక్తం పరీక్షిస్తే లావెరాన్ చెప్పిన పరాన్నజీవి ఆయనకు కనపడలేదు. కనపడలేదు కాబట్టి లేదనే అనుకున్నారు, ఆ మాటే రాశారు కూడా. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరును కలిసినప్పుడు ఆయన సూక్ష్మదర్శిని కింద ఆ పరాన్నజీవిని కళ్లారా చూపించారు. రాస్ అప్పుడు తన అభిప్రాయం మార్చుకున్నారు.

ఈ మాన్సన్ 1877లో చైనాలో ఉండగా, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు దోమ శరీరంలో పెరుగుతాయని కనుగొన్నవారు. మలేరియా కూడా దోమలోకే వెళ్తుందేమో అన్నది ఆయన ఊహ. అయితే దోమ నీళ్లలో పడి చనిపోతే, ఆ నీళ్లు తాగినవారికి రోగం వస్తుందని ఆయన అనుకునేవారు. అంటే దారి సగం సరైనది, సగం తప్పు. ఆ సగం దారి పట్టుకుని 1895లో రాస్ సికింద్రాబాద్ చేరారు.

దోమలున్న నీళ్లు కొందరికి తాగించి చూశారు. నమ్మదగిన ఫలితం రాలేదు. రోగులను దోమలతో కుట్టించి, ఆ దోమలను కోసి చూశారు. వాటిలోనూ ఏమీ దొరకలేదు. రెండేళ్లపాటు ఆయన కోసినవి ఎక్కువగా ఇళ్లలో దొరికే బూడిదరంగు దోమలు, చారల దోమలు. మనిషి మలేరియాను మోసేవి అవి కావని అప్పటికి ఎవరికీ తెలియదు. మధ్యలో బెంగళూరులో కలరా వస్తే ప్రభుత్వం ఆయన్ని అక్కడికి పంపింది. 1897లో ఊటీ కిందనున్న సిగూరు లోయలో పరిశోధన చేస్తుండగా ఆయనకే మలేరియా వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ వచ్చారు.

సికింద్రాబాద్‌లో ఆ ఆగస్టు

బేగంపేటలో ఒక చిన్న సైనిక ఆసుపత్రి గది. ఎండ, ఉక్కపోత. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయి కాబట్టి పంకా లేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. కంటి దగ్గరి అద్దం పగులు వేసింది. మేము ఎం.ఎస్సీ. ల్యాబ్‌లో దోమ నోటి భాగాలు విడదీసి స్లైడు మీద పెట్టడానికి, ఫ్యాన్ కింద కూర్చుని, మంచి మైక్రోస్కోపుతోనే ఒక పూటంతా అవస్థపడ్డాం. అలాంటి దోమలను వందల సంఖ్యలో, ఒక్కొక్క కణం తప్పిపోకుండా చూడడం ఎలాంటి శ్రమో ఆ రోజున మాకు అర్థమైంది.

ఆగస్టులో ఆయనకు ఒక కొత్త రకం దోమ పిల్లలు దొరికాయి. పెరిగి పెద్దయ్యాక వాటి రెక్కల మీద మచ్చలున్నాయి. ఆయన జంతుశాస్త్రవేత్త కాదు, దోమల జాతులు చెప్పే పుస్తకం దగ్గర లేదు, అందుకే వాటిని మచ్చల రెక్కల దోమలనే పిలుచుకున్నారు. అవే మనం చదువుకునే అనాఫిలిస్ దోమలు. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. రోజుకు కొన్ని చొప్పున ఆ దోమలను కోస్తూ వచ్చారు. కొన్ని చచ్చిపోయాయి, కొన్నింట్లో ఏమీ లేదు. చివరికి మిగిలినవి కొద్ది మాత్రమే.

1897 ఆగస్టు 20. నాలుగు రోజుల క్రితం రక్తం తాగిన ఒక దోమ కడుపు గోడ మీద గుండ్రని కణాలు కనిపించాయి. దోమ కడుపులో మామూలుగా ఉండే కణాలు కావవి. వాటి లోపల నల్లని రేణువులు ఉన్నాయి. ఆ నల్ల రేణువులే అసలు కీలకం. మలేరియా పరాన్నజీవి మన ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ తిని మిగిల్చే చెత్త అది. రోగి రక్తంలో ఉండే గుర్తు దోమ కడుపు గోడలో దొరికిందంటే, దొంగ వేలిముద్ర రెండో ఇంట్లో దొరికినట్టే.

ఆయన అక్కడితో సంబరపడి ఆగిపోలేదు. మర్నాడు, ఆగస్టు 21న, మిగిలిన దోమను కోశారు. దానిలోనూ అవే కణాలు. అయితే ముందురోజు కంటే పెద్దవి. పెరుగుతున్నాయంటే అవి ప్రాణమున్నవే. దోమ వాటికి కేవలం సంచి కాదు, అవి పెరిగే ఇల్లు. ఆ ఫలితం 1897 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

కలకత్తా పిచ్చుకలు

ఇంత కనుగొన్న వ్యక్తిని ప్రభుత్వం ఏం చేసింది? నెల తిరగకుండా బదిలీ చేసింది. రాజపుతానాలోని ఖేర్వారా అనే మారుమూల చోటుకు. అక్కడ మలేరియా రోగులే సరిగా లేరు. మాన్సన్ లండన్ నుంచి గట్టిగా పట్టుబట్టగా, 1898 ఫిబ్రవరిలో ఆయన్ని ఈ పరిశోధన కోసమే కలకత్తా పంపారు.

అక్కడ ఇంకో చిక్కు. దేశంలో ప్లేగు భయం నడుస్తోంది. సర్కారు డాక్టరు సూది పట్టుకుంటే జనం పారిపోయేవారు. మనుషుల రక్తం దొరకక రాస్ పక్షుల వైపు తిరిగారు. పిచ్చుకలకు, భరత పక్షులకు కూడా ఒక రకం మలేరియా వస్తుంది. దాన్ని మోసేది ఇళ్లలో తిరిగే బూడిదరంగు క్యూలెక్స్ దోమ. జబ్బు పక్షిని కుట్టిన దోమలను రోజు వారీగా కోస్తూ, పరాన్నజీవి వెంటే వెళ్లారు. కడుపు గోడ మీద కణాలు పెరిగి పగిలాయి. వాటిలోంచి దారాల్లాంటి సన్నని రూపాలు బయటపడి దోమ ఒళ్లంతా తిరిగాయి. 1898 జులైలో అవి చివరికి చేరే చోటు దొరికింది. అది దోమ లాలాజల గ్రంథి. దోమ కుట్టేటప్పుడు ముందుగా వదిలేది లాలాజలమే కాబట్టి, రోగం తాగే నీళ్లలో లేదని, కాటులోనే ఉందని తేలిపోయింది.

ఆ తర్వాత ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను ఆ దోమలతో కుట్టించారు. కొద్ది రోజులకే వాటి రక్తం నిండా పరాన్నజీవులు. కోచ్ పద్ధతిలో పరాన్నజీవిని విడిగా పెంచడం కుదరకపోయినా, జబ్బు పక్షి నుంచి దోమకు, దోమ నుంచి మంచి పక్షికి పూర్తి చక్రాన్ని రాస్ చూపించగలిగారు. ఆ నెలలోనే ఎడిన్‌బరోలో జరిగిన వైద్యుల సభలో మాన్సన్ ఈ విషయం ప్రకటించారు.

మనుషుల విషయంలో అనాఫిలిస్ దోమతో ఇదే చక్రాన్ని 1898 చివర్లో ఇటలీలో గ్రాస్సీ, బిన్యామి, బాస్టియనెల్లి నిరూపించారు. 1900లో మరో రెండు పరీక్షలు జరిగాయి. రోమ్ నుంచి తెచ్చిన రోగపు దోమలతో లండన్‌లో మాన్సన్ తన సొంత కొడుకునే కుట్టించారు. మలేరియా లేని ఊళ్లో ఉన్న ఆ యువకుడికి మలేరియా వచ్చింది. అదే సమయంలో కొందరు రోమ్ దగ్గరి బురద నేలల్లో, మలేరియాకు పేరుబడ్డ చోట, జాలీ బిగించిన గుడిసెలో ఆ సీజనంతా ఉన్నారు. అందరూ పీల్చే గాలే పీల్చారు. జాలీ గాలిని ఆపదు, దోమను మాత్రమే ఆపుతుంది. వాళ్లకు మలేరియా రాలేదు. చెడ్డ గాలి అనే మాటకు అంతకు మించిన జవాబు లేదు.

గౌరవాలు - వివాదాలు

1899లో రాస్ భారతదేశం వదిలి లివర్‌పూల్‌లో కొత్తగా పెట్టిన ఉష్ణమండల వ్యాధుల విద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. భారతదేశంలో పుట్టి నోబెల్ పొందినవారిలో ఆయనే మొదటివారు. 1911లో సర్ బిరుదు వచ్చింది.

లెక్కల మీద ఆయనకున్న ఇష్టం కూడా వృథా పోలేదు. ఒక ఊళ్లో మలేరియా పోవాలంటే ప్రతి దోమనూ చంపనక్కర్లేదని, వాటి సంఖ్యను ఒక హద్దు కంటే తగ్గిస్తే రోగం దానంతటదే ఆరిపోతుందని గణితంతో చూపించారు. కరోనా కాలంలో టీవీల్లో, పేపర్లలో ఒకరి నుంచి ఎంతమందికి సోకుతుందని లెక్కలు చెప్పేవారు గుర్తుందా? ఆ రకం లెక్కలకు తొలి బాట వేసినవారిలో రాస్ ఒకరు.

మహనీయుడని రాసినంత మాత్రాన లోపాలు దాచనవసరం లేదు. ఘనత ఎవరిదనే విషయంలో గ్రాస్సీతో ఆయన చాలా ఏళ్లు గొడవపడ్డారు. తనకు తగిన గుర్తింపు, డబ్బు రాలేదని చివరిదాకా బాధపడుతూనే ఉన్నారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లోనే పెద్ద కొడుకును పోగొట్టుకున్నారు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఆయన పేరుతోనే ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు.

మరికొన్ని పేర్లు

బిట్ పేపర్లో రాని పేర్లు కొన్ని ఉన్నాయి. అణాకొక కాటు చొప్పున ఒళ్లు అప్పగించిన హుస్సేన్ ఖాన్ ఒకరు. కలకత్తాలో దోమలను, పక్షులను సమకూర్చి ప్రయోగశాలలో చేదోడుగా ఉన్న మహమ్మద్ బక్స్ మరొకరు. నేటి నిబంధనల ప్రకారం అయితే రోగికి అన్నీ వివరించి, అతని సమ్మతి తీసుకోకుండా ఇలాంటి పరీక్ష చేయకూడదు. ఆనాడు ఆ నిబంధనలు లేవు. జ్వరంతో ఉన్న పేదవాడికి అణా డబ్బులే నిబంధన. ఈ గొప్ప ఆవిష్కరణలో సూక్ష్మదర్శినికి ఒకవైపు రాస్ ఉంటే, రెండోవైపు మన తాతల్లాంటి వాళ్లున్నారు. మనం చదువుకుంటున్నది ఇప్పుడు సూక్ష్మదర్శినికి ఆ మొదటి వైపు కూర్చోవడానికి. అక్కడ కూర్చున్నాక రెండోవైపు ఉన్నవారి పేరు కూడా రాయడం మన బాధ్యత.

మనకు పనికొచ్చే సంగతి

రోగానికి కారణం తెలియని రోజుల్లో నింద మనిషి మీద పడేది. ఊరి చివర పల్లెలో జ్వరాలు ఎక్కువంటే, వాళ్ల శుభ్రత అంతే, వాళ్ల బతుకు అంతే అనేవారు. కారణం తెలిశాక ప్రశ్న మారింది. మురుగునీరు పారే పల్లపు చోటే వాళ్లకు ఇళ్ల స్థలం ఎందుకైంది? ఆ నీరు నిలవకుండా కాలువ ఎవరు తీయాలి? దోమ కులం చూసి కుట్టదు, నిలవ నీరు ఉన్నచోట పుడుతుంది. ఈ మాట అనగలిగే శక్తి మనకు వచ్చింది ఇలాంటి పరిశోధనల వల్లనే.

అయితే తెలిసినంత మాత్రాన రోగం పోదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డి.డి.టి. చల్లి గోడ మీద తేదీ రాసి వెళ్లే మలేరియా వర్కర్లను మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. అశ్రద్ధ చేయగానే 1976లో మళ్లీ 64 లక్షలకు ఎగబాకాయి. ప్రపంచంలో 2023లో కూడా సుమారు 6 లక్షల మంది మలేరియాతో మరణించారు. మన రాష్ట్రంలో మన్యం పల్లెలకు ఈ బాధ ఎక్కువ.

సాగర్ కుడి కాలువ నీళ్లొచ్చే మన సత్తెనపల్లి ప్రాంతంలో నీరు నిలిచే చోట్లకు కొదవ లేదు. అనాఫిలిస్ నిదానంగా పారే నీటిలో, గుంటల్లో పెడుతుంది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు కూలర్, పాత టైరు, కొబ్బరి చిప్ప చాలు, అది పగలే కుడుతుంది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్‌కు మురుగు కాలువ కావాలి. గుడ్డు దోమ కావడానికి వారం పైగా పడుతుంది. అందుకే వారానికి ఒక రోజు హాస్టల్ తొట్లు, బకెట్లు, మెస్ వెనుక పడేసిన డబ్బాలు బోర్లించి ఆరబెడితే చాలు. బెంగళూరులో పై అధికారి కొట్టిపారేసిన పని అదే. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక్కో గదికి ఒక్కో వారం వంతు వేసుకుంటే సరిపోతుంది.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఎవరైనా చలిజ్వరంతో వణుకుతూ గాలి సోకిందంటే, వాళ్లతో వాదన పెట్టుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి వేలి కొస నుంచి రక్తం తీయించండి. ఆ పరీక్ష ఉచితం. రక్తంలో పరాన్నజీవి కనిపిస్తే దానికి మందు ఉంది. మందు పూర్తిగా వాడేదాకా దగ్గరుండి చూసుకోండి.